కనబడ్డ ప్రతి మైటూ రోగవాహకమేనా? పక్షుల రోగాల మీద పనిచేసేవాళ్లకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

అడవి పక్షుల్ని వలల్లో పట్టి, కాళ్లకు రింగులు వేసి, రక్తం తీసి, ఒంటి మీద పాకే మైట్లు అనే అతి చిన్న జీవుల్ని ఏరి సీసాల్లో వేసుకునే పరిశోధకులకూ, ఆ సీసాల్లోంచి వచ్చిన ఫలితాల్ని జనానికి చెప్పే ఆరోగ్య, పశువైద్య శాఖల వాళ్లకూ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నా. విడివిడిగా రాయొచ్చు. కానీ నేను చెప్పదలుచుకున్నది మీ రెండు వర్గాల మధ్య ఉన్న సందులోనే జారిపోతోంది, అందుకే ఒకటే ఉత్తరం.

నేను శాస్త్రవేత్తను కాను. పక్షుల్ని చూడటం, వాటి మీద వచ్చిన పేపర్లు దొరికితే చదవటం, అర్థం కాకపోతే మళ్లీ చదవటం, ఇంతే నా అర్హత. ఇంకో అర్హత కూడా ఉందిలెండి, ఒకసారి ఆ మైట్ల చేత బాగా కుట్టించుకున్నాను.

మా కిటికీ పైన ఏసీ పెట్టెకీ గోడకీ మధ్య పావురాలు గూడు పెట్టాయి. పిల్లలు పెరిగి ఎగిరిపోయాయి, చూసి మేమూ సంబరపడ్డాం. ఆ తర్వాత మూడు నాలుగు రోజులకు మొదలైంది గోల. రాత్రయ్యేసరికి మెడ మీద, నడుం దగ్గర, చేతుల మీద చిన్న చిన్న ఎర్ర దద్దుర్లు, ఒకటే దురద. మొదట దోమలనుకున్నాం, తర్వాత నల్లులనుకుని పరుపులు ఎండలో వేశాం. చూపించుకుంటే డాక్టరు గారు గజ్జి అన్నారు, ఇంటిల్లిపాదీ ఒళ్లంతా పూసుకోమని క్రీము రాశారు, పూసుకున్నాం, తగ్గలేదు. చివరికి ఒక రాత్రి టార్చి వేసి చూస్తే కిటికీ చట్రం మీద మిరియాల పొడి చల్లినట్టు ఏవో కదులుతున్నాయి. వేలితో నలిపితే ఎర్రగా అంటుకుంది. గూడు తీసేసి, సందులు మూసేసి, నాలుగైదుసార్లు తుడిచాక పది రోజుల్లో అంతా సర్దుకుంది.

సర్దుకోనిది ఆ పది రోజుల్లో నేను ఇంటర్నెట్‌లో చదివిన సరుకు. ఎక్కడ చూసినా పక్షి మైట్లు మోసుకొచ్చే రోగాలంటూ చాంతాడంత జాబితా. నాకు వచ్చిన టెన్షన్ సంగతి అలా ఉంచండి, మా పక్కవాళ్లు ఆ జాబితా చదివి తమ వైపున్న గూళ్లన్నీ, లోపల పిల్లలున్నవి కూడా, కర్రతో పొడిచి కింద పడేశారు. ఆ జాబితా ఎక్కణ్నుంచి పుట్టిందా అని ఒక్కో మెట్టూ వెనక్కి వెతుక్కుంటూ పోతే చివరికి మీ పేపర్ల దగ్గర తేలాను.

ముందు పేరు సంగతి. తెలుగులో ఈ జీవికి స్థిరమైన పేరే లేదు. పైరు మీద ఆకు రసం పీల్చేదాన్నీ నల్లి అంటాం, మంచంలో కుట్టేదాన్నీ నల్లి అంటాం, కానీ మొదటిది మైటు, రెండోది కీటకం. కోడి ఒంటి మీద పాకేవన్నీ మనకి పేలే. పశువుల్ని పట్టుకు వేలాడేవి పిడుదులు, గోమార్లు. పేనుకి ఆరు కాళ్లు, అది కీటకం. మైటుకి పెద్దయ్యాక ఎనిమిది కాళ్లు, అది సాలీడు వైపు బంధువు, పిడుదుకైతే మరీ దగ్గరి చుట్టం. ఈ చుట్టరికమే సగం గందరగోళానికి మూలమని నా అనుమానం, పిడుదులు రోగాలు మోస్తాయని ఖాయంగా తెలుసు కాబట్టి వాటి చిన్న చుట్టం మీద కూడా అదే కేసు రాసేస్తున్నారు.

పోనీ మైట్లన్నీ ఒకలా బతుకుతాయా అంటే అదీ లేదు. ఈకల మీద ఉండే మైట్లు అసలు రక్తం జోలికే పోవు, ఈకకు అంటుకున్న నూనె, బూజు, బాక్టీరియా తిని బతుకుతాయి. 2019లో వాటి కడుపులో ఏముందో డీఎన్‌ఏ ద్వారా, మైక్రోస్కోపు ద్వారా చూసినవాళ్లు ఇవి ఈకల్ని శుభ్రం చేస్తున్నాయని తేల్చారు. అద్దె కట్టకపోయినా ఇల్లు ఊడ్చిపెట్టే కాపురాలన్నమాట. ముక్కుల్లో ఉండేవి వేరు, కాళ్ల పొలుసుల కింద తొలిచేవి వేరు. ఈక కాడలో ఆ బోలు గొట్టం ఉంటుంది చూడండి, దాని లోపలే సంసారం చేసే కుటుంబం ఇంకోటి, సిరింగోఫిలిడే అంటారు, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మనుషుల్ని కుట్టే గొడవ ఎక్కువగా రెండు ప్రజాతులది, డెర్మానిసస్, ఆర్నితోనిసస్. డెర్మానిసస్ గాలినే పగలంతా గూటి సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక వచ్చి పక్షి రక్తం తాగి, మళ్లీ సందులోకి పోతుంది. ఒక మిల్లీమీటరుకు మించదు. తాగకముందు బూడిదరంగు, తాగాక ఎరుపు. వేడీ తేమా కుదిరితే గుడ్డు నుంచి గుడ్డు పెట్టేదాకా వారం పది రోజులు చాలు, తిండి దొరక్కపోతే నెలల తరబడి పస్తుండగలదు. దీనికి పూర్తి భిన్నం ఆర్నితోనిసస్ సిల్వియారమ్, పుట్టుక నుంచి చావు దాకా పక్షి ఒంటి మీదే. ఆర్నితోనిసస్ బర్సా గూళ్లలో ఎక్కువ. ఇవేవీ మనిషి ఒంటి మీద కాపురం పెట్టి తరతరాలు బతకలేవు. పిల్లలు ఎగిరిపోయి గూడు ఖాళీ అయితే ఆకలికి మన మీద పడతాయి, కుడతాయి, దురద పెడుతుంది. చర్మంలో బొరియలు తవ్వే గజ్జి మైటుకీ వీటికీ పోలికే లేదు, ఆ క్రీము నాకెందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలుస్తోంది.

ఇన్ని రకాల బతుకుల్ని ఒకే సంచిలో వేసి పక్షి మైట్లు అని శీర్షిక పెట్టేస్తే, చదివేవాడికి ఈక ఊడ్చేదీ రక్తం తాగేదీ ఒకటే అవుతాయి కదా.

ఇక అసలు ఫిర్యాదు. ఒక పక్షిని పడతారు, ఒంటి మీది మైట్లను ఏరతారు, నూరి డీఎన్‌ఏ తీసి పీసీఆర్ చేస్తారు, అంటే ఫలానా డీఎన్‌ఏ ముక్క ఉందో లేదో పట్టిచ్చే పరీక్ష. ఏదో రోగక్రిమి డీఎన్‌ఏ ముక్క దొరుకుతుంది. పేపరు చివర ఒక వాక్యం చేరుతుంది, ఈ మైట్లు ఈ రోగానికి వాహకాలు అయ్యుండొచ్చు అని. ఆ ‘అయ్యుండొచ్చు’ కాస్తా వార్తల్లోకి వచ్చేసరికి ‘అవుతాయి’ అవుతుంది, కరపత్రంలోకి వచ్చేసరికి ‘జాగ్రత్త’ అవుతుంది, మా పక్కవాళ్ల దాకా వచ్చేసరికి కర్ర అవుతుంది.

రోగమున్న పక్షి రక్తం తాగిన మైటు కడుపులో ఆ రోగక్రిమి డీఎన్‌ఏ ఉండటంలో వింతేముంది? దాంతో మనకు తెలిసింది పక్షి సంగతే, మైటు సంగతి ఇంకా ఏమీ తెలియలేదు. ఆ క్రిమి మైటు కడుపులో అరిగిపోతుందా, ప్రాణంతో మిగులుతుందా? మైటు పొర విడిచి తర్వాతి దశకు పోయినప్పుడు కూడా ఉంటుందా, గుడ్లలోకి దిగుతుందా? అన్నిటికన్నా ముఖ్యం, అదే మైటు మళ్లీ కుట్టినప్పుడు రెండో పక్షికి అంటుతుందా? పీసీఆర్ ఫలితం వీటిలో ఒక్కదానికి కూడా జవాబివ్వదు. చచ్చిన క్రిమి ముక్కకీ, బతికున్న క్రిమికీ దానికి తేడా తెలీదు. ఒక్కోసారి అది మైటు లోపలిదో, దాని కాళ్లకు అంటిన రెట్టలోదో కూడా తెలీదు.

ఇదేమీ నేను కనిపెట్టిన గొప్ప విషయం కాదు, మీ పెద్దలు ఎప్పుడో నేర్చుకున్న పాఠమే. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రాంతంలో మెదడువాపు జబ్బు వెయ్యిమందికి పైగా సోకింది. అది ఎలా పాకుతోందో, జబ్బు లేని నెలల్లో ఆ వైరస్ ఎక్కడ దాక్కుంటోందో ఏళ్ల తరబడి వెతికారు. 1944లో మార్గరెట్ స్మిత్ బృందం కోళ్ల గూళ్లలోని డెర్మానిసస్ మైట్ల నుంచి ఆ వైరస్‌ను తీశామని ప్రకటించింది. కథ ఎంత చక్కగా కుదిరిందంటే, పక్షుల మధ్య వైరస్‌ను నిలబెట్టేది మైటు, మనిషి దాకా తెచ్చేది దోమ, ఇంకేం కావాలి? 1947లో కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో విలియం రీవ్స్ తోటివాళ్లతో కలిసి అడవి పక్షుల మైట్లలో ఇంకో మెదడువాపు వైరస్‌ను, గుర్రాలకు కూడా వచ్చేదాన్ని, పట్టుకున్నాడు. ఇక్కడ నాకు రీవ్స్ అంటే గౌరవం. దొరికింది కదా అని ఆగిపోలేదు. మళ్లీ మళ్లీ మైట్లను సేకరించి, అవి నిజంగా అంటించగలవా అని పరీక్షించి, 1950ల్లో వాళ్ల బృందమే మైట్లకు ఇందులో చెప్పుకోదగ్గ పాత్ర లేదని తేల్చేసింది. పని చేస్తున్నది క్యూలెక్స్ దోమలు. తాను కనిపెట్టినదాన్ని తానే పక్కన పెట్టడం ఎంతమందికి చేతనవుతుంది చెప్పండి.

ఇలా అన్నానని మైట్లను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దానికి సరిగ్గా ఎదురు కథ కూడా ఉంది. 1946లో న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలోని ఒక నివాస సముదాయంలో జనానికి జ్వరం, ఒంటి మీద పొక్కులు. ఆటలమ్మ అనుకుందామంటే పెద్దవాళ్లకు కూడా వస్తోంది. డాక్టర్లు తలలు పట్టుకున్నారు. పురుగుల నిర్మూలన పనిచేసుకునే చార్లెస్ పొమెరాంట్జ్ అనే ఆయన, సొంతంగా చదువుకుని పురుగుల గురించి తెలుసుకున్నవాడు, అక్కడి ఎలుకల మీది మైట్లను అనుమానించాడు. రాబర్ట్ హ్యూబ్నర్ బృందం రోగుల రక్తంలోంచీ మైట్లలోంచీ బతికున్న క్రిమినే వేరుచేసింది, డీఎన్‌ఏ ముక్కను కాదు, ఆ రోజుల్లో అదెక్కడిది. ఆ క్రిమికి రికెట్సియా అకారి అని పేరు పెట్టారు, అకారి అంటే మైటనే. ఏడాది తిరక్కుండా వ్యవహారం తేలిపోయింది.

స్క్రబ్ టైఫస్ దగ్గరికి వస్తే మైటు నేరం ఇంకా స్పష్టం. ఓరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా వల్ల వచ్చే ఈ జ్వరాన్ని మోసేది లెప్టోట్రాంబిడియం జాతుల లార్వాలు, చిగ్గర్లంటారు. తమాషా ఏమిటంటే ఈ మైటు తన మొత్తం జీవితంలో లార్వాగా ఒక్కసారే జంతువును కుడుతుంది, ఆ తర్వాతి దశలన్నీ నేలలో చిన్న చిన్న పురుగుల్ని, వాటి గుడ్లను తినేవే. మరి ఒక్కసారే కుట్టేది ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరికి ఎలా ఇస్తుంది? ఇవ్వదు. తల్లి మైటు నుంచి గుడ్లలోకి, గుడ్ల నుంచి పిల్లల్లోకి బాక్టీరియా దిగుతుంది, పిల్ల పుట్టడమే రోగంతో పుడుతుంది. ఈ లార్వాలు ఎక్కువగా ఎలుకల మీద, కొన్నిచోట్ల పక్షుల మీద కూడా ఎక్కుతాయి. ఈ ఒక్క ఉదాహరణ చాలు, మైటు జీవితం ఎలా నడుస్తుందో తెలియకుండా అది రోగం మోస్తుందో లేదో చెప్పలేమనడానికి.

పక్షి మైట్ల విషయంలో కూడా ఖాళీ చేతుల్తో లేం. తూర్పు రకం గుర్రాల మెదడువాపు వైరస్‌ను డెర్మానిసస్ మైట్లు కోడిపిల్లలకు అంటించగలవని 1993లో ప్రయోగశాలలో చూపించారు, తక్కువగానే అంటినా అంటింది. సాల్మొనెల్లా కూడా అంతే. ఈ మైటు ఆ బాక్టీరియాను మోయగలదనీ, గుడ్ల ద్వారా పిల్లలకు కూడా ఇవ్వగలదనీ ఫ్రాన్స్‌లో ప్రయోగాలు చేసి చూపించారు. ఇలాంటి పేపరు చదివినప్పుడు నాకు ఏ పేచీ లేదు. ప్రయోగం చేశారు, అంటింది, రాశారు. గూటిలో, అడవిలో అది ఎంత తరచుగా జరుగుతుందనేది తర్వాతి ప్రశ్న, కానీ పునాది ఉంది.

ఈక కాడ మైట్ల దగ్గరికి వస్తానన్నాను కదా. పోలండ్ పరిశోధకులు 2006లో ఈ సిరింగోఫిలిడే మైట్లలో అనాప్లాస్మా ఫాగోసైటోఫిలమ్ డీఎన్‌ఏ మొదటిసారి పట్టుకున్నారు. మనుషులకూ గొర్రెలకూ కుక్కలకూ జబ్బు చేసే బాక్టీరియా అది, పిడుదుల ద్వారా పాకుతుంది. ఈ వార్త చూసి ఎవరైనా భయపడితే తప్పు పట్టలేను. కానీ ఆ మైటు బతుకు చూడండి. ఈక గొట్టంలో ఉంటుంది, గొట్టం గోడకు బెజ్జం పెట్టి బయటి కణజాలం ద్రవాన్ని పీలుస్తుంది, అక్కడే గుడ్లు పెడుతుంది, కొత్త ఈక మొలుస్తున్నప్పుడు అందులోకి మారుతుంది, గూటిలో తల్లి నుంచి పిల్లకు ఎక్కుతుంది. మనిషిని కుట్టే ప్రసక్తే లేదు. కాబట్టి మనకు రోగం తెస్తుందా అనే ప్రశ్నకు దాదాపు అర్థం లేదు. నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకో ప్రశ్న. పిడుదు ఏడాదిలో కొన్నాళ్లే పక్షి మీద ఉంటుంది, కాడ మైటు ఏడాదంతా అక్కడే. పిడుదులు లేని నెలల్లో ఒకే పక్షి ఒంట్లో, ఒకే పక్షి కుటుంబంలో ఆ బాక్టీరియాను నిలబెట్టి ఉంచుతున్నది ఈ మైటేనా? లేక పక్షి ఒంట్లోంచి పీల్చుకున్నదాన్ని కడుపులో అరిగించేసుకుంటోందా? ఇంత మంచి ప్రశ్నను వదిలేసి మనుషులకు ప్రమాదం ఉండొచ్చు అని ఒక ముక్క తగిలించి ముగించేస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నిధులిచ్చేవాళ్లు మనిషి పేరు వినబడితే తప్ప డబ్బు ఇవ్వరని మీరంటారు. తెలుసు. ఈ ఉత్తరం వాళ్లు కూడా చదివితే బాగుండును.

నేను అడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. పక్షిని పట్టుకున్నప్పుడు పిడుదుల్ని ఎలాగూ తీస్తారు, మైట్లను కూడా తీయండి, అదే పక్షి రక్తం చుక్కతో జత కలిపి పెట్టండి. మైటు కడుపు నిండి ఉందా ఖాళీగా ఉందా, ఏ దశలో ఉంది, ఒంటి మీద దొరికిందా గూటిలో దొరికిందా రాయండి. కడుపు నిండినదాంట్లో దొరికితే అది పక్షి రక్తం సాక్ష్యం మాత్రమే, అదే గుడ్లలో దొరికిందంటే మాత్రం నాలాంటివాడు కూడా కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. ఇంకా ఏమీ తినని లార్వాలో దొరికినా అంతే. డెర్మానిసస్ లార్వా అసలు రక్తమే తాగదు, దాంట్లో ఏదైనా ఉందంటే తల్లి ఇచ్చిందే. అన్నిటినీ ఆల్కహాల్‌లో ముంచేయకుండా కొన్నిటిని ప్రాణాలతోనో గడ్డకట్టించో ఉంచితే క్రిమి బతికుందో లేదో పెంచి చూసే అవకాశం మిగులుతుంది. నూరేయడం కూడా తప్పనిసరి కాదు, డీఎన్‌ఏ తీసుకుని పై తొడుగును స్లైడు మీద దాచుకునే పద్ధతులున్నాయి, రేపు ఎవరైనా అది ఆ జాతి కాదు అంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మైక్రోస్కోపులో మైటును చూసి జాతి చెప్పగలిగే మనిషిని బృందంలో ఉంచుకుని, పేపరులో పేరు వేయండి. ఏమీ దొరకలేదు అన్న ఫలితాన్ని కూడా అచ్చువేయండి. వెయ్యి మైట్లలో దొరకలేదంటే అది వార్త కాకపోవచ్చు, కానీ సమాచారమే.

ఆరోగ్య శాఖ వాళ్లకు ఒక మాట. మీ కరపత్రంలో రోగాల జాబితా కంటే ముందు, దద్దుర్లతో వచ్చిన మనిషికి కావాల్సింది మూడు ముక్కలు. దద్దుర్లు రాత్రిపూట వస్తున్నాయా, దగ్గర్లో ఈమధ్య ఖాళీ అయిన పక్షి గూడు ఉందా అని అడగండి. ఉంటే, పిల్లలు ఎగిరిపోయాయని నిర్ధారించుకుని చేతులకు తొడుగులు వేసుకుని గూడు తీసి సంచిలో గట్టిగా కట్టి పారేయమనండి, సందులు మూయమనండి, ఆ చుట్టుపక్కల వాక్యూమ్‌తో లాగి తడిగుడ్డతో తుడవమనండి. పిల్లలున్న గూటిని కదిలిస్తే పక్షి ప్రాణం పోవడమే కాదు, తిండి పోగొట్టుకున్న మైట్లు నేరుగా ఇంట్లోకే వస్తాయి, అంటే మా పక్కవాళ్లు చేసింది తమ కాలి మీద తాము గొడ్డలి వేసుకోవడమే. దురదకు మందివ్వండి, ఒంటికి పురుగుల మందు పూయించకండి. గూడు తీసేసి వారాలు గడిచాక కూడా ఒంటి మీద ఏవో పాకుతున్నాయని బాధపడేవాళ్లు ఉంటారు, వాళ్లను వెక్కిరించకుండా వేరే కారణాల కోసం చూడండి. ఆ జాబితాలు వాళ్లనే అందరికన్నా ఎక్కువ పీడిస్తున్నాయి.

పశువైద్యులు అడవి పక్షుల వల్లే ఫారాల్లోకి మైట్లు వస్తున్నాయని అంటూ ఉంటారు. కొన్నిచోట్ల నిజం కావచ్చు. కానీ నార్వే, స్వీడన్‌లలో కోళ్ల ఫారాల డెర్మానిసస్‌నూ అడవి పక్షుల దగ్గర దొరికినవాటినీ జన్యుపరంగా పోల్చి చూస్తే అవి వేర్వేరు గుంపులుగా తేలాయి, అంటే ఫారం నుంచి ఫారానికి మైట్లను తిప్పుతున్నది చాలావరకు మనుషులూ, మన పెట్టెలూ, మన బండ్లూ. పిచ్చుక మీద నేరం మోపే ముందు గుడ్ల ట్రేల వైపు ఒకసారి చూడండి.

చెప్పడం మరిచాను, పక్షులు కూడా చేతులు ముడుచుకుని కూర్చోవు. యూరప్ గోరింకలు ఘాటు వాసన వచ్చే పచ్చి ఆకులు తెచ్చి గూట్లో వేసుకుంటాయి, అడవి క్యారెట్ లాంటివి, వాటితో మైట్లు తగ్గుతాయని 1980ల్లోనే చూపించారు. మెక్సికో సిటీలో పిచ్చుకలూ ఫించ్‌లూ సిగరెట్ పీకలు ఏరుకొచ్చి గూళ్లలో పెడుతున్నాయనీ, పీకలెక్కువున్న గూళ్లలో పరాన్నజీవులు తక్కువనీ 2013లో తేలింది. ఆ తర్వాత, ఆ పీకల వల్ల పిల్లల కణాలకు హాని జరుగుతోందని కూడా అదే బృందం చెప్పింది. మొదటి వార్త లోకమంతా తిరిగింది, రెండోది ఎంతమంది చదివారో మీరే ఊహించుకోండి.

ఆఖరుగా ఒక ఒప్పుకోలు. మా కిటికీ దగ్గర గూడు తీసినప్పుడు ఓ ముప్పై నలభై మైట్లను చిన్న సీసాలో స్పిరిట్ పోసి దాచాను. ఎవరైనా పరీక్షకు అడిగితే ఇద్దామని. ఈ ఉత్తరం రాస్తూ మొన్న తీసి చూశాను. సీసా మీద తేదీ ఒక్కటే రాసి ఉంది. ఏవి గూటిలోవో, ఏవి చట్రం మీదవో, ఏవి కడుపు నిండినవో ఏమీ రాసుకోలేదు, అన్నీ ఒకే రంగుకు తిరిగాయి. మీకు అప్పజెప్పిన పని నేనే చేయలేదు. అయినా ఎవరికైనా కావాలంటే ఇస్తాను, కనీసం జాతైనా చెప్పగలుగుతారేమో.

ఇట్లు,
ఒక పక్షుల పిచ్చోడు